రాజావారి ‘ఇన్ డ్యూ కోర్స్’

ఒకానొక సంస్థానంలో, వానలు మొహం చాటేసిన ఏట జరిగిన మాట ఇది.

ఆ సంస్థానాన్ని ఏలే నరహరి భూపతిగారికి ఇంగ్లీషు రాదు. రాదని ఊరుకునే రకం కాదు ఆయన. వేటకొచ్చిన దొర నోట ‘ఇన్ డ్యూ కోర్స్’ అన్న మాట విని, మోజుపడి, అర్థం చెప్పించుకున్నారు. జరగవలసిన వరసలో, తగిన వేళకు జరుగుతుందని దానర్థం. దొర ఆ మాటంటే పని మొదలైందన్నమాట. అదే మాట రాజావారు అంటే ఆ పని అటకెక్కిందన్నమాట.

రాజావారి తాతను ఎవరో విషం పెట్టి చంపారు. అప్పటినుంచీ పేరయ్య అనే సేవకుడి ఇంటివాళ్లు ముందుగా ముద్ద తిని చూస్తేనేగాని ఆ వంశంలో ఎవరూ విస్తరి ముట్టరు. కరువులో అంతకన్నా అదృష్టమేముందని జనం అనుకునేవారు. పేరయ్యకు మాత్రం ఆ ముద్ద గొంతు దిగేది కాదు.

ఎందుకంటే కోట గుమ్మం ముందు జనం డొక్కలెండి పడి ఉన్నారు. వాళ్లలో అతని మేనత్త గంగమ్మ, ఆమె కొడుకు సింహాద్రి కూడా ఉన్నారు. పేరయ్య ఇంటినుంచి గంజి తెచ్చి ఇస్తే, గంగమ్మ పక్కనున్న పిల్లల నోట్లో పోసేది. కోటలో ధాన్యపు పాతర్లు నిండుగా ఉన్నాయి. తెరిపించమని అతను ఎప్పుడు మొరపెట్టుకున్నా రాజావారు మీసం దువ్వి, “ఇన్ డ్యూ కోర్స్,” అనేవారు.

ఒకనాటి ఉదయం గంగమ్మ మేనల్లుడి చెయ్యి పట్టుకుంది. “ఒరే పేరయ్యా, రాజుగారి ఆ దొరమాటకి అర్థమేట్రా?”

పేరయ్య చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పూట విస్తరి వేశారు, వడ్డించారు. పేరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏం, విషముందా?” అన్నారు రాజావారు.

“తెలీదు ప్రభూ. వాసన మాత్రం అమృతం.”

“మరి రుచి చూడవేం?”

“చూస్తాను. ఇన్ డ్యూ కోర్స్.”

నేతి వాసన గది నిండా కమ్ముకుంది. రాజావారి కడుపు గొణిగింది. అన్నం చల్లారింది.

“ఇంకా ఎప్పుడయ్యా?”

“తగిన వేళకు ప్రభూ. పాతర్లు తెరుచుకునే వేళా అదేనని తమ సేవకుడి మనవి.”

“తల తీయిస్తాను.”

“చిత్తం. తరవాత తమ విస్తరి రుచి చూడ్డానికి మా ఇంట్లో ఇంకెవరూ లేరు.”

రాజావారు విస్తరి వైపు చూశారు. ప్రాణం ఉసూరుమంది. పొద్దు వాలేదాకా ఓర్చుకుని, చివరికి కళ్లు తిరుగుతుంటే పక్కున నవ్వేశారు. “గట్టివాడివయ్యా. ఒక్క పూటకే ఇలా ఉంది. తెరిపించండి పాతర్లు,” అని, భుజాన ఉన్న పట్టుశాలువ తీసి పేరయ్యకు కప్పారు.

పేరయ్య ముద్ద రుచి చూసి, ఒక్క పరుగున గుమ్మం దగ్గరికి వచ్చాడు. జనం బిలబిలా పాతర్ల వైపు పోతున్నారు. సింహాద్రి మాత్రం తల్లి తల ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

“మధ్యాహ్నమే పోయింది బావా,” అన్నాడు.

పేరయ్య చతికిలబడి ఏడ్చాడు. తరవాత ఆ శాలువ తీసి ఆమెకు కప్పాడు.

“తగిన వేళకు అని అర్థం అత్తా,” అన్నాడు. “ఆ వేళ రాజుగారి ఆకలినిబట్టి వస్తుంది. నీ ఆకలినిబట్టి రాదు.”