విరిచేసిన పిల్లనగ్రోవి

అనగనగనగా, నదులకింకా వంతెనలు లేని రోజుల్లో, నందిరేవు అనే ఊళ్ళో కొండక్క అనే మేదరి ఆవిడ ఉండేది. ఆమె చేసిన పిల్లనగ్రోవి ఊదితే వినేవాళ్ళ మనసు కరిగిపోయేది. ఆమెకున్న ఆశ ఒక్కటే. ఏదో ఒక సాయంత్రం, ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో తన పిల్లనగ్రోవి ఊదుతుంటే గట్టున కూర్చుని వినాలి.

కానీ నది మీద వినిపించేదంతా వ్యాపారి గుండయ్య శెట్టి అమ్మే పిల్లనగ్రోవే. దాని వెల వింటే కళ్ళు తిరిగేవి. అందుకని కొనేవాళ్ళు కొద్దిమంది, దొంగచాటుగా చేసుకునేవాళ్ళు ఊరంతా. వెదురుకేం కరువు? ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి, శెట్టి కొలత ప్రకారం రంధ్రాలు పొడిస్తే సరి.

శెట్టి మనుషులు మొదట ఒక గొర్రెల కాపరిని పట్టుకొచ్చారు. శెట్టి నవ్వి పంపేశాడు. తర్వాత గానుగ ఆడించే వాణ్ణి పట్టుకొచ్చారు. శెట్టి ఆ దొంగ పిల్లనగ్రోవిని తిప్పి చూసి, మూడో రంధ్రం పక్కకి పోయింది, సరిచేసుకోమని తిరిగిచ్చాడు. మూడోసారి పెళ్ళి మేళగాళ్ళను గుంపుగా పట్టుకొస్తే, కూర్చోబెట్టి మజ్జిగ పోయించాడు. ఎంత మంచి మనసో అని ఊరు మెచ్చుకుంది. కొండక్కా మెచ్చుకుంది.

కొండక్క కొలత వేరు. వాళ్ళ తాత చూపించినది. పడవ నడిపే పోలయ్య ఒకసారి అది చూసి అలాంటిదే చేసుకుంటే, ఆమె లాక్కుని మోకాలికేసి విరిచేసింది.

ఇలా ఉండగా రాజుగారికి ఆస్థానంలో పిల్లనగ్రోవుల మేళం పెట్టాలని ముచ్చట పుట్టింది. కొలువులో దొంగ సరుకు కూడదు, అసలు చేసినవాళ్ళ దగ్గరే కొనాలన్నాడు. కొండక్క వెళ్ళి ఊదింది. రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. అదే కావాలన్నాడు. తీరా వాద్యగాళ్ళ చేతికిస్తే, అందరూ చిన్ననాటి నుంచి శెట్టి కొలత మీద చెయ్యి తిరిగినవాళ్ళే. వేళ్ళు రంధ్రాల మీద పడలేదు. కీచుమని అరుపు తప్ప పాట రాలేదు. రాజు నిట్టూర్చి, శెట్టి అడిగిన వెలకే మేళానికంతటికీ కొన్నాడు.

కోట మెట్ల మీద కొండక్క శెట్టిని ఆపి, అంతమంది దొంగల్ని ఎందుకు వదిలేశారని అడిగింది. శెట్టి దాచుకోలేదు.

"తరిమితే ఎక్కడికి పోతారు కొండక్కా? నీ గుమ్మానికే కదా. నువ్వు విరిచేసిన రోజే పోలయ్య నా కొలత పట్టుకున్నాడు."

కొండక్క ఇంటికి పోలేదు. నేరుగా రేవుకి పోయి, తన పిల్లనగ్రోవిని పోలయ్య చేతిలో పెట్టింది. చూసి చేసుకోమంది, ఎంతమందికైనా చూపించమంది. పోలయ్య ఊది చూసి తల అడ్డంగా ఊపాడు.

"నా వేళ్ళు ఇంక మాట వినవక్కా. మా పాప ఇంకా ఏదీ పట్టలేదు. దానికిస్తాను."

ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు కొండక్క గట్టున కూర్చుంది. నది నిండా శెట్టి పాటలే. ఒకనాడు, చివరి పడవలోంచి, తప్పుల తడకగా ఒక సన్నని పాట లేచింది. కొండక్క చటుక్కున లేచి నిలబడింది. ఆ స్వరం తనదే. పడవ మాత్రం పోలయ్యది కాదు. ఎవరో పాప దగ్గర చూసి దొంగచాటుగా చేసుకున్నారు. కొండక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, పడవ కనుమరుగయ్యేదాకా వింది.

కాబట్టి పిల్లలూ, దొంగను వదిలేసే వ్యాపారికి దయ ఉన్నా లేకపోయినా లెక్క ఉంటుంది. చేతులకు ముందుగా ఏది అలవాటైతే, రేపటి బేరం దానిదే.