తెక్లమ్మ తీసిన చెయ్యి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త రోసమ్మ. ఆమెకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఆ నాయనమ్మ ఆ గోడకి నీళ్ళు మోసిన మనిషి. కాబట్టి ఇది ఎక్కడో విన్న మాట కాదు, మోసిన భుజం చెప్పిన మాట. దిగువ వీధి వాళ్ళు చెప్పుకునేది ఇంకోటుంది. అది తప్పు. ఎట్లా తప్పో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

అనగనగా, సముద్రం ఇంకా గుడి మెట్లు నాకని రోజులు. గుల్లలదిబ్బ అని ఒక ఊరు. ఆ ఊరి ఒడ్డున మరియమాత గుడి. ఇటుకతో కట్టి, గుల్లలు కాల్చిన సున్నంతో గార చేసిన గుడి. గార అంటే ఇప్పటి సిమెంటు అనుకునేరు. కాదు. గానుగలో ఎద్దులు తిప్పితే వెన్నలా నలిగి వచ్చే సున్నం అది. ఆ గుడికి మూడు గోడలు ఊరిని చూస్తాయి. ఒక గోడ సముద్రాన్ని చూస్తుంది. మన కథ ఆ ఒక్క గోడది.

ఆ రోజుల్లో ఊళ్ళో మగవాళ్ళు పని కోసం ఓడెక్కి, సముద్రం అవతల రంగం పట్నం పోయేవాళ్ళు. ఎక్కే ముందు ఆ గోడ దగ్గరికి వచ్చేవాళ్ళు. మేస్త్రి అక్కడ దోసెడు పచ్చి గార మెత్తేవాడు. పోయేవాడు అందులో కుడిచెయ్యి అదిమేవాడు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు అనేవాళ్ళు, "చెయ్యి పెట్టినోడు చెయ్యి కోసం వస్తాడు."

కొందరు వచ్చారు. కొందరు రాలేదు. చేతులు మాత్రం అన్నీ గోడ మీద ఉన్నాయి.

తెక్లమ్మ ఆ ఊరి మనిషే. పొద్దున్నే ఒడ్డున గుల్లలు ఏరి సున్నపు బట్టీకి వేసేది. అదే ఆమె బతుకు. పెళ్ళయిన ఏడాదే మొగుడు ఇన్నాసి ఓడెక్కాడు. గోడ మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు. ఆ గార మెత్తింది అతని స్నేహితుడు రాయప్ప మేస్త్రి.

ఇన్నాసిది పెద్ద చెయ్యి. ఆ కొత్తలో తెక్లమ్మ తన చెయ్యి ఆ అచ్చులో పెడితే, చంటిబిడ్డ ఉయ్యాల్లో పడుకున్నట్టు ఉండేది. చుట్టూ ఇంకా చోటు మిగిలేది. రోజూ గుల్లల గంప ఎత్తుకునే ముందు అట్లా చెయ్యి పెట్టి, కాసేపు నిలబడి, వెళ్ళేది. ఎవరైనా అడిగితే, "చెయ్యి పెట్టినోడు చెయ్యి కోసం వస్తాడు" అనేది. ఓడలు వచ్చాయి, పోయాయి. ఇన్నాసి మాట ఎవరూ తేలేదు. బతికున్నాడని తేలేదు, పోయాడనీ తేలేదు. పోయాడంటే ఏడ్చి ఊరుకునేది. అదీ లేదు.

ఇట్లా ఏళ్ళు గడుస్తుండగా గోడకి చవుడెక్కింది. సముద్రపు గాలి ఉప్పు మోసుకొచ్చి గోడకి పట్టించింది. లోపలి నుంచి తెల్లగా పిండిలా పూసింది. వేలితో తాకితే గార పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంకో రెండు వానాకాలాలు పోతే గోడ కూలుతుంది, గోడ కూలితే గుడి కూలుతుంది. ఊరి పెద్దలు రాయప్ప మేస్త్రిని పిలిచారు. మేస్త్రి గోడ తట్టి చూశాడు. చెవి ఆనించి విన్నాడు.

"పాతది పోతేగాని కొత్తది పట్టదు," అన్నాడు.

అంటే ఆ గోడ మీది గారంతా, చేతులన్నీ తీసెయ్యాలి. ఊరి ఆడవాళ్ళు ఆ రోజు అన్నాలు వండలేదు. ఒకామె తన తండ్రి చేతిని పలకలా ఎత్తుకుపోదామని చూసింది. పొడైపోయింది. ఇంక ఎవరూ ఎత్తలేదు. ఒక్కొక్కరే వచ్చి, ముద్దుపెట్టుకుని, పక్కకి తప్పుకున్నారు.

తెక్లమ్మ తప్పుకోలేదు. ఇన్నాసి చేతికి వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "పాతది పోతేగాని కొత్తది పట్టదు."

"ఈ గార మెత్తింది నువ్వే కదన్నా?"

"నేనే."

"వాడు చెయ్యి పెడుతుంటే నవ్వింది నువ్వే కదా?"

మేస్త్రి ఉలి కిందికి దించాడు. ఆ ఒక్క చెయ్యి వదిలేసి చుట్టూ కొత్త గార చేశాడు. పని తెలిసినవాడు తెలిసీ చేసిన తప్పు అది. స్నేహితుడి మొహం చూసి చేశాడు.

కొత్త గోడ తెల్లగా మెరిసింది. కొత్తగా ఓడెక్కేవాళ్ళు కొత్త చేతులు పెట్టారు. మధ్యలో ఇన్నాసి చెయ్యి ఒక్కటే, కొత్త చీరలో పాత మాసికలాగా.

వానాకాలం వచ్చింది. ఆ మాసిక అంచునుంచి ఉప్పు మళ్ళీ లోపలికి పాకింది. దాని చుట్టూ గార ఉబ్బింది, పగిలింది, రాలింది. కొత్త చేతులు కొన్ని దాంతోపాటు రాలాయి.

రెండోసారి మేస్త్రి వచ్చాడు. గోడ తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. అదే మాట అన్నాడు, "పాతది పోతేగాని కొత్తది పట్టదు." తెక్లమ్మ అదే చోట నిలబడింది. అతను రాలిన మేర తీసి మళ్ళీ గార చేశాడు. ఈసారి కోడిగుడ్డు సొన, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, ఆ చేతి అంచు చుట్టూ పసిబిడ్డ కంటికి కాటుక పెట్టినట్టు పూశాడు. ఎంత పనితనం తెలుసో అంతా పెట్టాడు.

ఆ ఏడు లూసమ్మ కొడుకు అంతోని ఓడెక్కాడు. ఆమెకి ఒక్కడే కొడుకు. వాడి చెయ్యి ఇన్నాసి చెయ్యి పక్కనే పడింది. ఇంక చోటు లేదు మరి. అది చూసి లూసమ్మ మొహం మాడ్చుకుంది.

"మీ ఆయన చెయ్యి గోడకి పట్టలేదు వదినా, ఊరికి పట్టింది," అంది.

"నీ కొడుకు ఎక్కిన ఓడ ఇంకా కనపడుతూనే ఉంది," అంది తెక్లమ్మ. "ఎదురుచూపుల్లో నువ్వు నాకంటే చాలా చిన్నదానివి వదినా. నాతో మాట్లాడే ఈడు నీకింకా రాలేదు."

ఆ మాటకి ఇద్దరికీ మాటలు పోయాయి. ఒకే బావికి పోయినా మొహాలు తిప్పుకునేవాళ్ళు.

మళ్ళీ వానలొచ్చాయి. గాలివాన కొట్టింది. గాలివాన వెలిసిన తెల్లారి తెక్లమ్మ గంప పట్టుకుని ఒడ్డుకి వచ్చింది. గోడ కింద తడి ఇసుకలో లూసమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో గార పెచ్చులు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తోంది. తీసేస్తోంది. మళ్ళీ పెడుతోంది. అంతోని చెయ్యి రాలిపోయింది.

తెక్లమ్మకి పక్కనుంచి పోదామనిపించింది. కాళ్ళు పోనివ్వలేదు.

లూసమ్మ తల ఎత్తలేదు. "నాలుగు వేళ్ళు దొరికాయి," అంది. "బొటనవేలు దొరకలేదు వదినా."

తెక్లమ్మ గంప పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుంది. గవ్వకీ గుల్లకీ తేడా చీకట్లో కూడా చెప్పగల వేళ్ళు అవి. ఆ వేళ్ళతో ఇసుక జల్లించింది. ఎండెక్కేదాకా ఇద్దరూ వెతికారు. బొటనవేలు దొరకలేదు. వాన కరిగించుకుపోయింది.

అప్పుడు తెక్లమ్మ తల ఎత్తి గోడని చూసింది. పగులు ఎక్కడ మొదలైందో చూసింది. ఇన్నాసి మణికట్టు దగ్గర మొదలై, అంతోని చెయ్యి ఉన్న చోటికి పోయింది. ఇన్నాసి చెయ్యి మాత్రం పదిలంగా ఉంది. అన్నేళ్ళలో ఆ చేతిని చూస్తే ఆమెకి సిగ్గు వేసింది ఆ రోజే.

లేచి రాయప్ప మేస్త్రి ఇంటికి పోయింది. అతను గంజి తాగుతున్నాడు.

"అన్నా, ఉలి ఇయ్యి."

మేస్త్రి గిన్నె దించాడు. "నేనొచ్చి తీస్తాలే చెల్లెమ్మా. నువ్వు ఇంట్లో ఉండు. అయిపోయాక కబురు చేస్తా."

"నువ్వు తీస్తే పగలగొట్టినట్టుంటుంది."

"నువ్వు తీస్తేనో?"

తెక్లమ్మ చెయ్యి చాపి అట్లాగే నిలబడింది. మేస్త్రి ఉలీ సుత్తీ రెండూ తెచ్చి ఇచ్చాడు.

గోడ దగ్గర ఊరంతా చేరింది. ఎవరూ పిలవలేదు, వచ్చారు. తెక్లమ్మ ముందు ఉలి కొంగులో దోపుకుని, రోజూ పెట్టినట్టే చెయ్యి అచ్చులో పెట్టింది. పట్టలేదు. గుల్లలు ఏరి ఏరి కణుపులు లావెక్కాయి. చంటిబిడ్డలా పడుకున్న చెయ్యి ఇప్పుడు ఆ ఉయ్యాల్లో పట్టనంత అయింది. రోజూ పెడుతూనే ఉంది, చూసుకోలేదు. ఎన్నేళ్ళయిందో ఆమెకి ఆ రోజు తెలిసింది.

"వాడు ముసలాడై ఉంటాడు," అంది మెల్లగా. "వచ్చినా ఈ చెయ్యి వాడికీ పట్టదు."

తర్వాత ఉలి పెట్టింది. మొదట చిటికెనవేలు తీసింది. తర్వాత మిగిలిన వేళ్ళు. చివర అరచెయ్యి. తీసిన ప్రతి పెచ్చూ కొంగులో వేసుకుంది. అరచెయ్యి ఊడేసరికి వెనక ఇటుక లేదు. ఉప్పు తిని పిండి అయిపోయింది. ఆమె చెయ్యి మణికట్టు దాకా గోడలోకి దూరింది. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి పిండి మీద నిలబడింది. మేస్త్రి వంగి చూసి, తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. ఇంకొక్క వానాకాలం ఉంటే గోడ మొత్తం ఒరిగేది.

తెక్లమ్మ కొంగు మూట కట్టి, గానుగ దగ్గరికి పోయింది. ఉప్పు పోయేదాకా మంచినీళ్ళలో కడిగి, కొత్త సున్నంలో ఆ పెచ్చులు కుమ్మరించింది. ఎద్దుల్ని తనే తోలింది. చక్రం తిరిగింది. ఇన్నాసి చెయ్యి సున్నంలో కలిసిపోయింది. మేస్త్రి మిగిలిన పాత గారంతా దింపి, కుళ్ళిన ఇటుకలు తీసి కొత్తవి పేర్చి, ఆ సున్నంతోనే, ఈ చివరనుంచి ఆ చివరకి, ఒక్క అతుకు లేకుండా గార చేశాడు.

గార చేస్తే చాలదు. తడి ఆరకూడదు. ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టి, అవి తడుపుతూ ఉండాలి. సముద్రం పక్కనే ఉంది గానీ ఆ నీళ్ళు పోస్తే మళ్ళీ ఉప్పే. మంచినీళ్ళే కావాలి. మంచినీళ్ళు ఊరి అవతల ఇసుక చెలమల్లోనే ఉన్నాయి. తెక్లమ్మ కడవ ఎత్తింది. వెనక లూసమ్మ కడవ ఎత్తింది. ఆమె వెనక ఊరి ఆడవాళ్ళందరూ ఎత్తారు. పొద్దున పోశారు, మధ్యాహ్నం పోశారు, దీపాల వేళ పోశారు. తమ వంతు నీళ్ళు తాగకుండా గోడకి పోసిన వాళ్ళున్నారు. మా అత్తకి కథ చెప్పిన నాయనమ్మ వాళ్ళల్లో ఉంది.

గోనెపట్టాలు విప్పిన రోజు ఒకతను ఓడెక్కడానికి వచ్చాడు. పచ్చి గార కోసం మేస్త్రిని చూశాడు. మేస్త్రి తెక్లమ్మని చూశాడు.

"గోడకి గుంట పెడితే ఉప్పు అందులో కూర్చుంటుంది నాయనా," అంది తెక్లమ్మ. చంకలో కడవ దించి ముందు పెట్టింది. "ఇందులో చెయ్యి ముంచి పెట్టు."

అతను ముంచి గోడకి అదిమాడు. తెల్లటి గోడ మీద తడి చెయ్యి పడింది. అయిదు వేళ్ళూ చక్కగా పడ్డాయి.

"ఆరిపోతుంది కదమ్మా," అన్నాడతను.

"ఆరేదాకా మీ అమ్మ ఇక్కడ నిలబడుతుంది. ఆరాక ఇంటికి పోయి పొయ్యి వెలిగించుకుంటుంది. ఎదురుచూడ్డానికి అంత చాలు."

అతను పోయాడు. తల్లి నిలబడింది. ముందు వేళ్ళు ఆరాయి. అరచెయ్యి చివర ఆరింది. అది ఆరేసరికి అతన్ని ఓడకి చేర్చే పడవ అలలు దాటింది.

అంతోని మరుసటేడు తిరిగొచ్చాడు. ఇన్నాసి రాలేదు. తెక్లమ్మ రోజూ గుల్లల గంప ఎత్తుకునే ముందు గోడ దగ్గరికి వస్తూనే ఉంది. చెయ్యి తడిపి పెట్టేది. ఎక్కడ పెట్టాలని వెతుక్కునేది కాదు. ఎక్కడ పెట్టినా ఇన్నాసి మీద పెట్టినట్టే. అది ఆరేదాకా సముద్రం వైపు చూసేది. ఆరాక పోయేది. చనిపోయినప్పుడు ఆ గోడ నీడలోనే పూడ్చారు.

ఇప్పటికీ గుల్లలదిబ్బలో ఊరు దాటి పోయేవాళ్ళు ఆ గోడకి తడి చెయ్యి పెట్టి పోతారు. ఓడలు లేవు, బస్సులే. అయినా పెడతారు. ఇంట్లో ఒకరు అది ఆరేదాకా నిలబడతారు. పండక్కి వెల్ల వేసే ముందు మొదటి కడవ మంచినీళ్ళు, మగవాడు దూరాన ఉన్న ఆడమనిషే పొయ్యాలి. పోస్తూ, "తెక్లమ్మా, తడి ఆరనియ్యకు" అనాలి. పోయినదాన్ని పట్టుకుని వదల్లేని వాళ్ళుంటే పెద్దవాళ్ళు, "తెక్లమ్మే తీసింది, నీదెంత" అంటారు. కసిరి అనరు. పక్కన కూర్చుని అంటారు.

ఇంక అసలు మాట. దిగువ వీధి వాళ్ళు గుడి పండగ పుస్తకంలో వేరేగా అచ్చు వేయించారు. తెక్లమ్మ గుల్లలకి పోయినప్పుడు మేస్త్రి ఆమెకి తెలియకుండా ఆ చెయ్యి పగలగొట్టాడట. వచ్చి చూసి, గుండె పగిలి అక్కడే చనిపోయిందట. చదివినవాళ్ళు అయ్యో అంటున్నారు. అయ్యో అనిపించుకునే మనిషి కాదు ఆమె. రాయప్ప మేస్త్రికీ ఆ మాట పడకూడదు. నాకు పేరు రాసుకునే పాటి అక్షరాలే వచ్చు, పుస్తకం దిద్దే చదువు లేదు. చదువుకున్న వాళ్ళెవరైనా ఆ ముక్క కొట్టేసి, ఇట్లా రాయండి: ఆ చెయ్యి ఎవరూ పగలగొట్టలేదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, తెక్లమ్మే తీసింది.