ఆకుతోటలో రాజుగారి పాగా

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తలపాగా చుట్టే చిట్టెన్న అనే పెద్దాయన ఉండేవాడు. ఇరవై రెండేళ్లు చుట్టాడు, ఒక్కనాడూ మడత జారలేదు. ఒకరోజు రాజు ఏదో చిరాకులో, నువ్వు పోతే నా తలేమీ బోసిపోదులే అని నిండు కొలువులో అన్నాడు. చిట్టెన్న దండం పెట్టి బయటికి నడిచాడు. ఆ మాట మాత్రం మరవలేదు.

ఏటి ఒడ్డున తమలపాకు తోట వేసుకున్నాడు. లేత తీగల్ని జమ్ము గడ్డితో, ఊతంగా నాటిన అవిసె మొక్కలకు కట్టాలి. పడమటి గాలి లేచేలోగా కట్టకపోతే తోటంతా నేలపాలే.

సరిగ్గా అప్పుడే కోటలోని పాత జతగాడు బసవయ్య రావడం మొదలుపెట్టాడు. చిట్టెన్న కొలువు ఇప్పుడు అతనిది. రాజుగారి పాగా జారిపోతోంది, కాస్త చూపించమని రోజూ గుడ్డ పట్టుకుని దిగేవాడు. పాత మొహమాటం కొద్దీ చిట్టెన్న తన మోకాలికే చుట్టి చూపించేవాడు. చూపిస్తున్నంతసేపూ కళ్లు మబ్బుల మీదే, చేతులు తీగల మీదికే పోయేవి. పూట గడిచిపోయేది. మర్నాడు మళ్లీ అదే పాట.

నాలుగోనాడు చిట్టెన్న విసిగి, పాగా చుట్టేటప్పుడు అద్దం ఎక్కడ పెడుతున్నారని అడిగాడు.

"ఎత్తుపీట మీద, పెద్దన్నా. రాజుగారి అద్దం నువ్వు పెట్టినట్టు నేలమీద పెడతామా?"

సంగతి చిట్టెన్నకు అర్థమైంది. కానీ చెబితే బసవయ్య వెళ్లి ఆ మాట రాజుగారి ముందే అనేస్తాడు, తల ఎగిరిపోతుంది. అందుకని ఒకటే మాట చెప్పి పంపేశాడు: ఇకమీదట సలహా కోసం వచ్చేవాడు, రాజుగారైనా సరే, ముందు ఒక సాలు తీగలు కట్టాలి.

అది విని రాజు జారుతున్న పాగాని పట్టుకుని, బసవయ్యను వెంటేసుకుని, మండిపడుతూ వచ్చాడు. నాకే షరతా అన్నాడు. చిట్టెన్న చేతిలో పని ఆపలేదు.

"పొరపాటైంది మహారాజా. ఇది సున్నితమైన పని, తమవల్ల కాదులెండి."

అంతే, రాజు జమ్ము లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. తల పూర్తిగా వంచి సగం సాలు కట్టేసరికి, వెనక నిలబడి చిట్టెన్న పాగా చుట్టేశాడు. రాజు లేచి తోటంతా తిరిగాడు. పాగా కదల్లేదు.

"ఏం చేశావు?"

"తల వంగితేనే వెనక మడత మెడ మీదికి దిగుతుంది మహారాజా. అందుకే అద్దం కింద పెట్టేవాణ్ని."

రాజు ముఖం ఎర్రబడింది. "ఇరవై రెండేళ్లు నాచేత తల వంచించావా? ఎవరి ముందు?"

"తమ ముఖం ముందే. దాన్ని మించింది లోకంలో లేదని తమరే అంటుంటారు కదా."

రాజు కాసేపు గుడ్లురిమి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువులో తను అన్నమాట తప్పేనని ఒప్పుకుని, చేతి కంకణం తీసి ఇచ్చి, మళ్లీ కోటకు రమ్మన్నాడు.

చిట్టెన్న కంకణం కళ్లకద్దుకున్నాడు. కోటకు మాత్రం రానన్నాడు. కోటవాళ్లెవరూ పని మీద ఈ కంచె దాటకూడదని మాట అడిగాడు. రాజు ఇచ్చాడు.

"మరి నేను వెళ్లనా?"

"గాలి లేస్తోంది మహారాజా. తమరి సాలు ఇంకా సగం ఉంది."

రాజు నవ్వుతూనే మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. బసవయ్య మాత్రం అప్పటికే కంచె అవతల ఉన్నాడు.