అడుగులమ్మ చౌకు

పూర్వం వెలిమిగిరి దుర్గాన్ని ఓబళనాయకుడు పాలిస్తున్న కాలంలో, నాలుగు రాజవీధులు కలిసే చౌకు నడుమ ప్రాకారం లేని చిన్న అమ్మవారి గుడి ఒకటి ఉండేది. మేదరి సంకెమ్మ అనే వృద్ధురాలు ప్రతి ఉదయం అక్కడ దీపం వెలిగించేది. రథాలు, గుర్రాలు, సరుకుల బండ్లు ఎడతెగక పరుగులు తీసే ఆ చౌకును, పాదచారులందరిలాగే ఆమె కూడా గోడవారగా నిలిచి, సందు దొరికినప్పుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని దాటేది.

దండయాత్ర నుంచి విజయుడై వచ్చిన నాయకునికి, రథవేగం తగ్గకుండానే కోటలో ప్రవేశించాలనే కోరిక కలిగింది. గుడిని తొలగించి చౌకునంతటినీ రథమార్గంగా చదును చేయమని రాతి కట్టడాలు కట్టే కాశెపనివారి పెద్ద అయిన పాపోజును ఆజ్ఞాపించాడు. పాపోజు దైవభక్తుడే అయినా, రాజాజ్ఞకు వెరచి పని ఆరంభించాడు. మూడవనాడు రాళ్లు మోసుకొస్తున్న అతని బండే అదుపు తప్పి, దీపం పెట్టి మరలుతున్న సంకెమ్మ పాదం మీదుగా పోయింది.

అతడు పరుగున వెళ్లి ఆమె తలను ఒడిలోకి తీసుకుని విలపించాడు.

"ఏడవకు నాయనా," అన్నదామె. "రేపటి నుంచి ఆ దీపమేదో నువ్వు పెట్టు. బండి మీద కాదు, నడిచి వెళ్లు."

మర్నాడు ఉదయం ప్రమిద చేతబట్టుకుని బయలుదేరిన పాపోజు, చక్రాల రొదకు బెదిరి మూడుసార్లు వెనుదిరిగాడు. నాలుగవసారి గుడి చేరేసరికి అతని ఒళ్లంతా చెమట. దీపం వెలిగించి, గడపమీదే కూర్చుని, "ఈ గుడిపై గునపం వేయను. నా తల తీసినా సరే," అని కోటకు కబురంపాడు.

నాయకుడు ఆగ్రహోదగ్రుడై రథమెక్కి వచ్చాడు. చౌకు మొదట్లోనే ఆ రథం నిలిచిపోయింది. ఇరుసు విరగలేదు, చక్రానికి రాయి అడ్డుపడలేదు. ఏనుగులను కట్టి లాగించినా అది వెంట్రుకవాసి కదలలేదు. వెనుక వచ్చిన బండ్లన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"దిగి రండి ప్రభూ! నడిచేవారిని అమ్మ ఆపదు," అని గడపమీది నుంచి పాపోజు కేకవేశాడు.

నాయకుడు నేలమీద కాలు మోపాడు. ఏ అడ్డంకీ కలగలేదు. ఆ నిశ్శబ్దంలో ముసలివారు, చూలింతలు, చంటిబిడ్డల తల్లులు ఒక్కొక్కరే చౌకులోకి రాసాగారు. ఒక కూరగాయలామె తలమీది గంప నడిబజారున దించి, తీరికగా నడుము వాల్చింది.

"ఇంతమంది ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని నాయకుడు విస్మయంతో అడిగాడు.

"ఇక్కడే ప్రభూ, గోడల పక్కన," అన్నాడు పాపోజు.

నాయకుడు తలవంచుకుని, కాలినడకనే సంకెమ్మ గుడిసెకు వెళ్లి క్షమాపణ వేడుకున్నాడు. ఇకపై చౌకులోకి రథాలు, బండ్లు రాకూడదని శాసించాడు. సరుకు ఎలా చేరుతుందని వర్తకులు ఆందోళన చెందితే, బండ్లలోని సరుకును వీధి మొదట దించి మోసుకుపొమ్మని, కూలి కోట నుంచి ఇప్పిస్తానని అభయమిచ్చాడు. పాపోజు చౌకంతా నున్నని బండలు పరచి, అరుగులు కట్టి, పొగడచెట్లు నాటి, నాలుగు వీధుల మొదట నాలుగు రాతిస్తంభాలు నిలిపాడు. పాదం బాగుపడకపోయినా, సంకెమ్మ కర్ర ఊతంతో, ఎవరికోసమూ ఆగకుండా గుడికి నడిచింది. అమ్మవారికి అడుగులమ్మ అన్న పేరు ఆనాడే వచ్చింది.

నేటికీ చైత్రోత్సవంలో అమ్మవారి తేరు తూర్పుస్తంభం దగ్గరే ఆగుతుంది. అక్కడినుంచి ఉత్సవమూర్తిని భుజాలమీద మోసుకువస్తారు. చుట్టుపక్కల ఊళ్ల తల్లులు నడక రాని బిడ్డలను తెచ్చి, ఆ బండలమీద నిలబెట్టి, చేయి వదిలేస్తారు. బిడ్డ తూలి పడినా అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు.