ఏడు మూరల దూరం

అనగనగా, మన తాతల తాతలు కూడా పేరు మరిచిపోయిన ఒక పట్టణం. ఆ పట్టణంలో కుమ్మరులున్నారు, నేతగాళ్ళున్నారు, వర్తకులున్నారు, కోళ్ళున్నాయి. ముందే చెబుతున్నాను, ఈ కథలో కోళ్ళు మాట్లాడవు. ఆ పని మనుషులే కావలసినంత చేశారు.

ఆ ఊరి చావడి గోడ మీద రాజుగారు ఒక శాసనం చెక్కించారు.

"పెరట్లో కోళ్ళు పెంచుకోవచ్చు. ఆరు పెట్టలకు మించరాదు. పుంజు ఉండరాదు. కంపు పొరుగింటికి పోరాదు. గూడు పక్కింటి గోడకు ఏడు మూరల దూరాన ఉండాలి. తప్పితే గూడు పీకేస్తాం, కోళ్ళను ఊరు దాటిస్తాం."

మూర అంటే ఎంత అని జనం తగువులాడుకుంటారని, శాసనం కింద ఒక గీత కూడా చెక్కించారు. ఆ గీత ఎంత పొడవో మూర అంత. రాజుగారు తెలివైనవారే! కానీ గీత ఎంత బాగా చెక్కినా, వెళ్ళి చూసేవాళ్ళుండాలి కదా.

ముత్యాలు వెళ్ళి చూసింది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి ఒక చిన్న ఇల్లు, ఒక పెరడు, మంచం పట్టిన అత్తగారు. గుడ్లు అమ్ముకుని బతుకుదామని ఆరు కోడిపిల్లల్ని తెచ్చుకుంది. గూడు కట్టే ముందు కొబ్బరి తాడు పట్టుకుని చావడికి పోయి, ఆ గీతకు ఆనించి కొలుచుకుంటూ మూరకొక ముడి చొప్పున ఏడు ముళ్ళు వేసింది. ఇంటికొచ్చి తాడును పక్కింటి గోడ నుంచి పరిచి, ఏడో ముడి దగ్గర గూటి గుంజ పాతింది. ఆ వెనకే బావి. ఇక జరపాలన్నా జానెడు చోటు లేదు.

పక్కిల్లు సుగుణయ్యది. బట్టల వర్తకుడు. సుగుణాలన్నీ పేరులోనే ఖర్చయిపోయాయి పాపం. సరుకు పెరిగి కొట్టు చాలక, ముత్యాలు పెరటి మీద అతని కన్ను పడింది. అక్కడ గిడ్డంగి కట్టాలని ఆశ. అమ్మమని అడిగాడు. ఆమె అమ్మనంది.

"కోళ్ళు పోతే కూడు పోతుంది. కూడు పోతే తనే వచ్చి అమ్ముతుంది" అనుకున్నాడు సుగుణయ్య. మర్నాడే చావడికి నడిచాడు.

చావడిలో పురపాలకుడు నరహరి కూర్చుని ఉన్నాడు. మంచివాడే, కాస్త నెమ్మది మనిషి. ముక్కు మాత్రం చాలా చురుకు.

"అయ్యా, కోళ్ళ కంపుతో అన్నం సహించడం లేదు" అన్నాడు సుగుణయ్య.

నరహరి వచ్చాడు. ముత్యాలు పెరట్లో నిలబడి వాసన చూశాడు. గూట్లో కింద ఊక, ఊక మీద బూడిద. రోజూ పొద్దున్నే ఊడ్చి పోసేది ముత్యాలు. అయినా ఎక్కడి నుంచో కంపు గుప్పుమంటూనే ఉంది. నరహరి ముక్కు ఎగబీల్చుకుంటూ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఆ ముక్కు ఆయన్ని గోడ దాటించి, తిన్నగా సుగుణయ్య పెరట్లో నీలిరంగు నానబెట్టిన కుండల దగ్గర నిలబెట్టింది.

"సుగుణయ్యా, ముందు వీటికి మూతలు పెట్టు" అని ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది. ముత్యాలు కోళ్ళలో ఒకటుంది, ఎర్ర తురాయిది. దాన్నే ఆమె ఎక్కువ గారాబం చేసేది, అన్నం మెతుకులు అరచేతిలో పెట్టి తినిపించేది. ఒకరోజు తెల్లవారుజామున అది గూడెక్కి రెక్కలు టపటపలాడించి, "కొక్కొరొక్కో!" అంది. పిల్లగా ఉన్నప్పుడు పెట్టో పుంజో ఎవరికి తెలుసు?

సుగుణయ్య పళ్ళు కూడా తోమలేదు. ముఖం కడుక్కోకుండానే చావడికి పరుగెత్తాడు.

ఈసారి నరహరి వచ్చేసరికి ముత్యాలు పుంజును చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తప్పు నాదేనయ్యా. పుంజని తెలీదు నాకు. తెలిశాక ఉంచుకోను" అంది. ఆ రోజే ఆరు కోసులు నడిచి వెళ్ళి దాన్ని అక్క ఇంట్లో వదిలి వచ్చింది. దారంతా ఏడ్చింది. వచ్చాక కూడా ఏడ్చింది. కానీ "నా ఒక్కదానికి సడలించండయ్యా" అని మాత్రం ఎవరినీ అడగలేదు.

సుగుణయ్యకు నిరాశ. ఒక కోడి పోయింది గానీ పెరడు చేతికి రాలేదు. ఆలోచించి ఆలోచించి మూడోసారి చావడికి వెళ్ళాడు. చేతిలో ఒక కొత్త మూరకర్ర ఉంది.

"అయ్యా, ఆ గూడు ఏడు మూరల దూరంలో లేదు. మీరే వచ్చి చూడండి" అన్నాడు.

మూడోసారి కదా, వీధి వీధంతా వేడుక చూడ్డానికి వచ్చేసింది. సుగుణయ్య పంచె ఎగ్గట్టి, గోడ దగ్గర మొదలుపెట్టి కర్రను నేల మీద వేస్తూ పోయాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరో మూరకే గూటి గుంజ తగిలింది.

"చూశారా! మూర తక్కువ!"

ముత్యాలు లోపలికి పరుగెత్తి తాడు తెచ్చింది. "అయ్యా, చావడి గీతకు పెట్టి కొలిచిన తాడిది. లెక్కపెట్టండి, ఏడు ముళ్ళు."

సుగుణయ్య పగలబడి నవ్వాడు. "తాడు ఎండకో తీరు, వానకో తీరు. తాడు సాగుతుందమ్మా, కర్ర సాగదు! పాతికేళ్ళుగా ఈ ఊరికి బట్ట కొలిచి ఇస్తున్నాను. మూరంటే ఎంతో నాకు నువ్వు చెప్పాలా?"

నిజమే గదా అన్నారు జనం. నరహరి తల గోక్కున్నాడు. "అమ్మా, బట్టల వర్తకుడి మూరకర్ర కంటే తాడు మాట ఎలా నమ్మను? రేపు పొద్దుటికి గూడు తీసెయ్యి."

లోపల మంచం మీద నుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏమంటున్నారే ముత్యాలూ?"

ముత్యాలు సుగుణయ్య చేతిలో కర్ర వైపే చూస్తోంది. చూసి చూసి, నెమ్మదిగా లోపలికి వెళ్ళి మడత కూడా విప్పని ముతక గుడ్డ ఒకటి తెచ్చింది.

"సుగుణయ్యగారూ, గూటికి వాన పడకుండా కప్పుదామని మొన్న మీ కొట్లోనే కొన్నాను. మీ చేత్తోనే కొలిచి ఇచ్చారు. ఎన్ని మూరలండీ?"

"ఏడు మూరలు. ఒక్క వేలు తక్కువుంటే నన్నడుగు!" అన్నాడు సుగుణయ్య, పదిమంది వింటున్నారని గొంతు పెంచి.

"అయితే అయ్యా, తాడు వద్దు. ఆయన బట్టతోనే కొలవండి."

నరహరి స్వయంగా గుడ్డ కొస గోడకు ఆనించి పరిచాడు. గుడ్డ పోయింది, పోయింది, ఆగిపోయింది. గూటి గుంజ ఇంకా అల్లంత దూరంలో ఉంది. ఆ మిగిలిన ఖాళీలో సుగుణయ్య తెచ్చిన కర్ర నిండుగా పట్టింది!

 ముత్యాలు సుగుణయ్య వైపు తిరిగింది.

"ఇది ఏడు మూరల బట్టయితే, నా గూడు ఎనిమిది మూరలు దాటి ఉంది. నా గూడు ఆరు మూరలే అంటారా, అయితే ఇది ఏడు మూరల బట్ట కాదు. రెంటిలో ఏది నిజమో మీరే చెప్పండి సుగుణయ్యగారూ. కర్ర సాగదన్నారుగా!"

సుగుణయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. "అది... నూలు బట్ట కదా... నీళ్ళు తగిలితే ముడుచుకుంటుంది" అని నసిగాడు.

"ఇంకా మడతే విప్పలేదయ్యా! నీళ్ళెప్పుడు తగిలాయి?"

అప్పుడు గుర్తొచ్చింది ఊరికి. "నా పంచె మోకాలు దిగదు, ఉతికితే ముడుచుకుందన్నాడు!" అని ఒకడు. "నా రవికె రెండు చేతులకీ చాల్లేదు!" అని ఒకావిడ. పాతికేళ్ళ పొట్టి బట్టలన్నీ ఆ పెరట్లో ఒక్కసారి గోలపెట్టాయి.

నరహరి సుగుణయ్య కొట్టు నుంచి బట్ట కొలిచే కర్ర తెప్పించాడు. రెండు కర్రల్నీ పక్కపక్కన నిలబెట్టారు. బట్ట అమ్మే కర్ర పొట్టిది, గూడు కొలిచే కర్ర పొడుగుది. తరవాత ముత్యాలు తాడు పట్టుకుని అందరూ చావడికి నడిచారు. ఎన్నాళ్ళకో ఆ గీతను ఊరంతా కళ్ళారా చూసింది. ఒక్కొక్క ముడినీ గీతకు ఆనించారు. సాగలేదు, ముడుచుకోలేదు. తిరిగొచ్చి ఆ తాడు పరిస్తే, గోడ నుంచి గుంజకు సరిగ్గా ఏడు మూరలు!

ఈలలు, చప్పట్లు, కేకలు. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. కోళ్ళు బెదిరి గూడెక్కాయి.

నరహరి రెండు కర్రల్నీ మోకాలికేసి విరిచాడు. తక్కువ వచ్చిన బట్ట ఎవరిది వారికి ఇచ్చి తీరాలని సుగుణయ్యకు చెప్పాడు. తరవాత ముత్యాలు వైపు తిరిగాడు. "నిన్ను ఇంత ఏడిపించాడు. నీకేం కావాలో అడుగమ్మా."

ముత్యాలు ఒక్క క్షణం ఆలోచించింది. "ఆయనెక్కడికి పోతాడయ్యా, నేనెక్కడికి పోతాను? పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే. ఇకమీద నా కోళ్ళతో ఇబ్బందుంటే ముందు గోడ మీంచి నన్ను పిలవమనండి. చావడి ఎక్కడికీ పోదు."

సుగుణయ్య తల వంచుకున్నాడు. ఆ మాట శిక్షకంటే గట్టిగా తగిలింది.

పది రోజుల తరవాత గోడ మీంచి పిలుపు వచ్చింది. "ముత్యాలమ్మా! నీ పెట్ట మా నీలికుండలో కాలు పెట్టింది!" ముత్యాలు నవ్వుతూ వెళ్ళి నీలిరంగు కాళ్ళ కోడిని ఎత్తుకొచ్చింది. కుండ పాడుచేసినందుకు నాలుగు గుడ్లు గోడ మీద పెట్టింది. సాయంత్రానికి అదే చోట, గూటికి కప్పడానికి కొత్త గుడ్డ ఒకటి ఉంది.

ముత్యాలు దాన్ని తాడుతో కొలిచింది. ఏడు మూరలు. పైన నాలుగు వేళ్ళు ఎక్కువే.

కాబట్టి పిల్లలూ, పొరుగువాడి పెరటిని ఏ కర్రతో కొలుస్తామో, మన కొట్లో బట్టనీ ఆ కర్రతోనే కొలవాలి.