నల్లంచుల తెల్ల చుక్క

మార్కండయ్య తాతను ఏదన్న అడిగితే తిన్నగ జవాబు రాదు. అడిగినోని చేతికే ఏదో పని చెప్తడు. మగ్గం నేసుకుంటనే తత్వం చెప్పే మనిషి. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నోళ్లు కూడా నేతగాళ్లే.

ఒకరోజు పొద్దున్నే భిక్షపతి అనే శిష్యుడు వచ్చి గడప అవతలనే నిలబడ్డడు.

"అయ్యా, నా బిడ్డకు పిల్లికండ్లు వచ్చినయి. మా ఇంట్ల ఎవరికీ లేవు, నా పెండ్లాం అండాలు పుట్టింట్ల లేవు. అది నా బిడ్డేనా?"

ఆ రోజే పిల్లకు పేరు పెట్టాలె. తండ్రి పీట మీద కూసోనంటే తల్లినీ పిల్లనూ తీస్కపోతమని అండాలు అన్నలు వానింటి వాకిట్లనే ఉన్నరు.

"మీ అమ్మ ఏమంటది?" అన్నడు తాత.

"కడుపుతోని ఉన్నప్పుడు పిల్లిని చూసింది, అందుకే అంటది."

"అట్లయితే నిన్ను మోసేటప్పుడు బర్రెను చూసినట్టుంది" అని తాత నవ్విండు. భిక్షపతి నవ్వలే.

"మగ్గం మీద ఏమున్నది?"

"రుమాలు. అదీ చెడిపోయింది. నల్లంచుల తెల్ల చుక్క పడ్డది. పేకకు కట్టింది అండాలే. ఆమె చేతినుంచి వచ్చిందేదీ సక్కగ లేదయ్యా."

తాత లేచి వానింటికి నడిచిండు.

రంగుల ముంచే ముందు నూలును అక్కడక్కడ రబ్బరుతోని బిగించి కడతరు. కట్టిన కాడ రంగు పట్టదు, తెల్లగ ఉంటది. ఆ ఇంట్ల నిలువు నూలుకు, అంటే పడుగుకు, భిక్షపతి కడతడు. అడ్డం నూలుకు, పేకకు, అండాలు కడతది.

"చుక్క కాడి పేక గుంజు" అన్నడు తాత.

భిక్షపతి మగ్గం గుంటల దిగి గుంజిండు. నల్ల పోగు నడుమ తెలుపు.

"చూసినవా అయ్యా! కట్టరాని కాడ కట్టింది!" అని గట్టిగనే అన్నడు. లోపల్నుంచి వస్తున్న ఉయ్యాల చప్పుడు ఆగింది.

తాత పడుగు మీద వేలు పెట్టిండు. అక్కడ కూడా గోరంత తెలుపు.

"మరి ఇది?"

భిక్షపతి వంగి చూసిండు. మళ్ల చూసిండు. "ఇది... నేను కట్టిందే. చేయి తప్పినట్టుంది."

"నీదొక్కటే అయితే?"

"పైన నల్ల పేక పడేది. మసకగ ఉండేది, ఎవ్వరికీ తెలిసేది కాదు."

"ఆమెదొక్కటే అయితే?"

"అదీ అంతే. తెలుపు మీద తెలుపు పడ్డది గనకనే చుక్క తేలింది..." అని ఉయ్యాల దిక్కు చూసిండు.

తాత పడుగు మీది దూది నలుసులు ఏరుకుంట నిలబడ్డడు.

"బావా, పొద్దెక్కుతుంది" అని వాకిట్లకెల్లి పెద్దన్న పిలిచిండు. "కూసుంటవా, మమ్ముల పొమ్మంటవా?"

భిక్షపతి మగ్గం గుంటల నుంచి లేచిండు. చేతులు లుంగీకి తుడుచుకున్నడు. అయినా కాలు ముందుకు పడలే.

"ఇంతకు ఆ కండ్లు ఎవరియి అయ్యా? మా తాతల్ల ఎవరియన్ననా? అండాలోళ్ల దిక్కా?"

"ఎవరియో ఎవరికెరుక" అన్నడు మార్కండయ్య తాత. "ఇప్పుడైతే దానియే. పో, అవి నిన్నే ఎతుకుతుంటయి."