సువార్త వంతు

అనగనగా గుంతకల్లు అనే ఊళ్ళో, రైల్వే క్వార్టర్సులో, నాగరత్నమ్మ అని ఒక టీచరు ఉండేది. పక్కింట్లో గార్డు దేవదానంగారి కూతురు సువార్త ఉండేది. పదకొండేళ్ళకే ఆ పిల్ల టీచరు చెవిదాకా ఎదిగిపోయింది.

అప్పుడు దేవదానంగారికి షోలాపూరు బదిలీ అయింది. ఆదివారం మధ్యాహ్నం బండికి ప్రయాణం. టీచరుకేమో సువార్తంటే ప్రాణం. టీవీలో ఒలింపిక్సు వస్తున్న రోజులవి. "ఆదివారం పొద్దున మా వాకిట్లో దేశదేశాల ఆటలు ఆడిస్తానే. నీ కోసమే," అంది.

సువార్త ఒక్కటే అడిగింది. "బాస్కెట్‌బాల్ ఉంటుందా టీచర్? ఒక్కసారైనా బుట్టలో బంతి వెయ్యాలని ఉంది."

"ఎందుకుండదే," అంది టీచరు.

ఆదివారం పన్నెండుమంది పిల్లలొచ్చారు. అప్పుడు టీచరు ఏం చేసిందో తెలుసా? బళ్ళో ప్రార్థనకి నిలబెట్టినట్టు అందర్నీ వరుసలో నిలబెట్టింది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎందుకలా అంటే, అలా అయితేనే అందరికీ కనిపిస్తుంది. సువార్త చిట్టచివర నిలబడింది. ఒక్కో ఆటకి ఒక్కో పీరియడు. పీరియడు అయిపోతే కంచం మీద గరిటెతో గంట.

మొదట జపాను ఆట. చింతగింజలు పోసి కుట్టిన చిన్న చిన్న గుడ్డసంచుల్ని ఎగరేసి పట్టుకోవాలి. జపాను ఎక్కడుందో టీచరు పటంలో చూపించింది. చుట్టూ ఉన్న సముద్రం కూడా చూపించింది. వరుస సువార్త దగ్గరికొచ్చేసరికి గంట మోగింది.

ఆ తర్వాత కొరియా ఆట. కాగితం కుచ్చు కట్టిన బిళ్ళని కింద పడకుండా కాలితో తన్నాలి. అందరికంటే పొట్టివాడు రఫీ. వాడు తన్నితే బిళ్ళ అక్కడే ఉంది, చెప్పు గోడ దూకింది. టీచరు ఓపిగ్గా మళ్ళీ మొదట్నించీ చెప్పింది. మళ్ళీ గంట మోగింది.

"నా వంతు రాలేదు టీచర్," అంది సువార్త.

"వస్తుందమ్మా, వరుసలో ఉండు."

ఆ తర్వాత బాస్కెట్‌బాల్. "మొట్టమొదట దీన్ని పండ్లబుట్టతో ఆడారర్రా. బుట్టకి అడుగు ఉండేది. బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తియ్యాల్సొచ్చేది," అని చెప్పి, అచ్చం అలాగే గోడ మేకుకి వెదురుబుట్ట కట్టించింది. తీరా చూస్తే నిచ్చెన లేదు.

"సువార్తా, నువ్వు పొడుగు కదా, స్టూలెక్కి బంతి తీసివ్వు తల్లీ," అంది.

రఫీ వేశాడు, సువార్త తీసిచ్చింది. గిరిజ వేసింది, సువార్త తీసిచ్చింది. అలా పదకొండుమందికీ తీసిచ్చింది.

"భలే అందుతోందే నీకు, ఒంటే!" అన్నాడు రఫీ.

"నోర్ముయ్యరా బుడంకాయ్," అని నవ్వింది సువార్త. ఆ నవ్వు చూసి టీచరు ఇంకేం పట్టించుకోలేదు.

అప్పుడు దేవదానంగారు గేటు దగ్గరికొచ్చారు. "టీచరమ్మా, బండికి టైమైందండీ. సామాను ఆటోకెక్కించేశాం."

సువార్త స్టూలు దిగింది. బంతి తెచ్చి టీచరు చేతికిచ్చింది.

"ఆటలు ఎలా ఉన్నాయే?" అని అడిగింది టీచరు.

"చూడ్డానికి బాగున్నాయి టీచర్," అంది.

అప్పుడు తెలిసింది టీచరుకి. ఎవరి కోసం ఇదంతా పెట్టిందో, ఆ పిల్ల ఒక్కతే ఆడలేదు. "ఒక్కసారి వేసి వెళ్ళవే," అంటూ బంతి పట్టుకుని వీధిలోకొచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది.

తర్వాత కలిసిందా అంటావా? లేదు నాన్నా.

టీచరు ఉత్తరం రాద్దామని కూర్చుంది. తప్పు నాదేనే అని రాయాలనుకుంది. కానీ ముందు, వరుస ఎందుకు పెట్టిందో వివరించింది. ఆ తర్వాత గంట ఎందుకు కొట్టిందో వివరించింది. ఆ తర్వాత బుట్టకి అడుగు ఎందుకు ఉంచిందో వివరించింది. ఇన్లాండు కాగితం కదా, మూడు మడతలూ నిండిపోయాయి. తప్పు నాదేనే అనే మాటకి చోటు మిగల్లేదు. అలాగే అంటించి పోస్టులో వేసేసింది.

జవాబు రాలేదు.

కథ కంచికి బండెక్కింది,
మనకి ఇంట్లో పక్క దక్కింది.